రాళ్ళూ కెరటాలూ తైలవర్ణాల్లో

(మహిళా శ్రోతల కోసం రేడియోలో చేసిన ప్రసంగం)



ఈవేళ మీతో బొమ్మల గురించి మాట్లాడదామని వచ్చాను. బొమ్మలంటే కొలువు బొమ్మలు కావు సుమండీ. సముద్రపు ఒడ్డునుండే కొండరాళ్ళనూ, వాటిమీద పడి విరిగే కెరటాలనూ తైలవర్ణాలతో, అంటే ఆయిల్ పెయింట్లతో, ఎలా చిత్రించాలన్నది నా విషయం. ముందుగానే మనవి చేసుకుంటున్నాను, నేను ఏ ఆర్టు కాలేజీలోనూ చదువుకోలేదు. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. పిల్లలు బడికీ, మావారు ఆఫీసుకూ వెళ్ళాక మిగిలే గంటా గంటన్నరలో నేర్చుకున్న విద్య ఇది. కాబట్టి పండితుల మాటలు నా దగ్గర దొరకవు. నేను చేసిన తప్పులు మాత్రం చాలా ఉన్నాయి. అవి మీకు పనికొస్తాయి.

మా పుట్టిల్లు నంద్యాల వైపు. అక్కడికి సముద్రం చాలా దూరం. పెళ్ళయి విశాఖపట్నం వచ్చేదాకా నేనూ సముద్రం చూసి ఎరుగను. మా అమ్మ ఈనాటికీ చూడలేదు. ఈ ఏడు వద్దాం, వచ్చే ఏడు వద్దాం అనుకుంటూ ఉండగానే ఆవిడకు మోకాళ్ళు పట్టేశాయి. ఇప్పుడు వీధి అరుగు దాకా రావడమే కష్టం. నేను సెలవులకు వెళ్ళినప్పుడల్లా "ఎట్లుంటాదమ్మా సముద్రము?" అని అడిగేది. నేను రెండు చేతులూ చాచి "ఇంత ఉంటుంది, అంత ఉంటుంది" అని చెప్పేదాన్ని. ఆ చెప్పడం నాకే చాలేది కాదు. ఒక బొమ్మ వేసి పట్టుకెళ్తే బాగుంటుందనిపించింది. రంగుల జోలికి నేను వెళ్ళింది అందుకే.

మొదటి బొమ్మ గోడమీది క్యాలెండరు చూసి వేశాను. నీలిమందు కలిపినట్టు నీలంగా సముద్రం, బొగ్గుల్లాంటి నల్లరాళ్ళు, సున్నంలాంటి తెల్లటి నురుగు, నీళ్ళలోకి దిగిపోతున్న ఎర్రటి సూర్యుడు. అందరూ బాగుందన్నారు. మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "బాగుంది గానీ, ఆరేసిన నీలం చీర మాదిరుంది గదమ్మా. ఇంతేనా సముద్రమంటే?" అంది. నవ్వేశాను గానీ, తిరుగు ప్రయాణంలో రైల్లో అదే మాట చెవిలో మెదులుతూ వచ్చింది.

మా వీధిలో రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకరున్నారు. ఆయనకు ఆ బొమ్మ సంగతి చెప్పి, దాని ఫోటో చూపించాను. ఆయన అన్నారూ, "అమ్మా, మీరు సముద్రాన్ని చూసి వేయలేదు. సముద్రం అనే మాట విని వేశారు" అని. పైగా ఇంకో చురక కూడా వేశారు. "మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు గాని సముద్రంలోకి దిగడమ్మా. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నారు, ఒక్కనాడైనా అలా చూశారా?" నిజమే! విశాఖపట్నంలో సూర్యుడు అస్తమించేది ఊరి వెనక కొండల్లో. రోజూ చూస్తూనే ఉన్నాను. బొమ్మలో మాత్రం క్యాలెండరు సూర్యుణ్ణి ముంచేశాను.

ఈవేళ నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకు వివరణే అనుకోండి. రాయి నలుపు, సముద్రం నీలం, నురుగు తెలుపు అని మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ తెలిసినదాన్ని కాసేపు పక్కన పెట్టి, కంటికి కనిపించేది వేయాలి. తైలవర్ణ చిత్రంలో కష్టమైన పని ఇదే. తక్కినదంతా వంటలాగా అలవాటు మీద వస్తుంది.

ఎక్కడ కూర్చోవాలి, ఏ వేళప్పుడు

విశాఖపట్నం తీరం తూర్పు కనుమల పక్కనే ఉంది. డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కులాగా పొడుచుకు వచ్చి ఉంటుంది. దాని అవతల యారాడ, ఇటువైపు ఋషికొండ, తొట్లకొండ, భీమిలి దాకా ఎక్కడ చూసినా ఇసుకా రాళ్ళూ కలిసే ఉంటాయి. మీది మరో తీరమైతే మీ రాళ్ళు వేరు, మీ ఇసుక వేరు. కాని చూసే పద్ధతి ఒకటే.

మొదట గమనించవలసింది వెలుతురు. నగరపు బీచిలో నిలబడి దక్షిణంగా చూస్తే డాల్ఫిన్ నోస్ కనిపిస్తుంది. మార్గశిర, పుష్య మాసాల్లో సూర్యుడు ఆగ్నేయంగా ఉదయించి దక్షిణంగా నడుస్తాడు. అంటే కొండకు వెనకనుంచి వెలుగు. అప్పుడు మనకు కనిపించే వైపు నీడలో ఉండి, కొండంతా ఒకే ముద్దగా, నీలమూ ఊదా కలిసిన రంగులో ఉంటుంది. అదే మే నెల మధ్యనుంచి జులై చివరిదాకా సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు పొద్దున్నే అదే కొండమీద వెలుగు పడి, ఎర్రమట్టి చారలూ, పచ్చటి పొదలూ, బండల పగుళ్ళూ విడివిడిగా కనిపిస్తాయి. కొండ ఒకటే, బొమ్మలు రెండు. కొత్తగా మొదలుపెట్టేవారికి చలికాలపు ఉదయం మంచిదని నా అభిప్రాయం. వివరాలు తక్కువగా ఉండి పెద్ద ఆకారాలు సులువుగా దొరుకుతాయి.

రెండో సంగతి, వెలుగు నిలవదు. ముప్పావుగంట గడిచేసరికి నీడలన్నీ జరిగిపోతాయి. అంతకుమించి కూర్చుంటే పొద్దుటి రాయిమీద మధ్యాహ్నపు నీడ వేసినవాళ్ళమవుతాం. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు క్లోద్ మోనే 1886లో బెల్లీల్ అనే ద్వీపంలో, గాలివానల్లో, సముద్రపు రాళ్ళను చిత్రిస్తూ సెప్టెంబరునుంచి నవంబరు దాకా ఉండిపోయాడు. దాదాపు 40 చిత్రాలు వేశాడు. ఒకే రాళ్ళగుంపును వేరు వేరు వెలుగుల్లో మళ్ళీ మళ్ళీ వేశాడు. మనకు అంత తీరిక ఎక్కడిది? కాని మనకూ ఒక సౌకర్యం ఉంది. ఆ సముద్రం మన ఊళ్ళోదే. రేపు పొద్దున్న మళ్ళీ అదే వేళకు వెళ్ళవచ్చు.

ఎక్కడ కూర్చోవాలో చెప్పేముందు ఆ మోనేగారి కథే ఇంకొకటి చెబుతాను. 1885లో ఎత్రెతా అనే చోట తెల్లటి కొండచరియ కింద కూర్చుని బొమ్మ వేసుకుంటున్నాడు. పోటు వేళ లెక్క తప్పాడు. పెద్ద కెరటం ఒకటి వచ్చి మనిషిని కొండకు కొట్టి, వెనక్కి లాక్కుపోయింది. బొమ్మా, స్టాండూ పోయాయి. ప్రాణంతో బయటపడ్డాడు. జీవితమంతా నీళ్ళను చూసిన మనిషికే కెరటం అంతు చిక్కలేదు. మన తీరంలోనూ ఒంటరి కెరటం చెప్పి రాదు. అందుచేత తడి ఆరని రాయిమీద ఎన్నడూ కూర్చోవద్దు. నాచుపట్టిన రాయి జారుతుంది. రాళ్ళమీద ముదురురంగు తడిగీత ఎక్కడిదాకా ఉందో చూసుకుని, దానికి చాలా పైన, పొడి ఇసుకలోనో, రోడ్డువార గోడమీదనో కూర్చోండి. తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి.

కావలసిన సామాను

రంగులు చాలా కొననక్కరలేదు. నా పెట్టెలో ఉన్నవి ఏడే ఏడు ట్యూబులు. టైటానియం వైట్, అల్ట్రామెరీన్ బ్లూ, విరిడియన్ అనే ఆకుపచ్చ, ఎల్లో ఓకర్ అనే పచ్చమట్టి రంగు, బర్ంట్ సియెన్నా అనే కాల్చిన ఎర్రమట్టి రంగు, బర్ంట్ అంబర్ అనే ముదురు మట్టిరంగు, ఒక క్రిమ్సన్. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు కొనండి, అదే ముందు అయిపోతుంది. నలుపు అసలు కొనవద్దు. అల్ట్రామెరీన్, బర్ంట్ అంబర్ కలిపితే కావలసినంత నలుపు వస్తుంది. ఆ నలుపులో ప్రాణం ఉంటుంది. నీలం ఎక్కువైతే చల్లగానూ, మట్టిరంగు ఎక్కువైతే వెచ్చగానూ కనిపిస్తుంది.

ఈ ట్యూబు కూడా ఎప్పటినుంచో ఉన్నది కాదు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు తగరపు ట్యూబు కనిపెట్టేదాకా, నూరిన రంగును పందిమూత్రాశయపు సంచుల్లో కట్టి దాచుకునేవారట. ట్యూబు వచ్చాకనే రంగులు పట్టుకుని సముద్రపు ఒడ్డుకు వెళ్ళడం సులువైంది.

ఇవికాక పందివెంట్రుకల గట్టి కుంచెలు మూడు, అరంగుళం, పావంగుళం, ఒక సన్నది. రంగు పూయడానికీ గీకడానికీ పనికొచ్చే పలచటి పాలెట్ కత్తి ఒకటి. టర్పెంటైన్, అవిసెనూనె చెరొక చిన్న సీసా. పూత పూసిన కాన్వాసు అట్ట, 12 అంగుళాలు 16 అంగుళాలది. స్టాండు లేకపోతే కుర్చీ వీపుకు ఆనించుకోవచ్చు. నేను ఇప్పటికీ అంతే.

ఒడ్డుకు మాత్రం ఇవన్నీ మోయవద్దు. పెన్సిలూ, చిన్న పుస్తకమూ చాలు. రాళ్ళ ఆకారం గీసుకుని, రంగులు మాటల్లో రాసుకోండి. నా పుస్తకంలో చూస్తే వంటింటి చిట్టాలాగే ఉంటుంది. "రాయి పైభాగం బెల్లం, నీడవైపు వంకాయ తొక్క, తడిసిన చోట చింతపండు, నురుగు మజ్జిగ, నురుగు నీడ బియ్యం కడిగిన నీళ్ళు" అని. మాస్టారు చూసి నవ్వారు గానీ, "ఇంతకంటే సరిగ్గా నేనూ రాయలేనమ్మా" అన్నారు. మనకు రంగులు తెలియవని ఎవరన్నారండీ? పోపులో ఆవాలు ఎప్పుడు చిటపటలాడాయో, వంకాయ ఎప్పుడు మగ్గిందో రంగు చూసి చెప్పేవాళ్ళం మనమే కదా!

వడియాల సూత్రం

నీళ్ళరంగు నీరు ఆవిరైతే ఆరుతుంది. నూనెరంగు అలా కాదు. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని క్రమంగా గట్టిపొరగా మారుతుంది. పొయ్యి వెనక గోడమీద నూనె జిడ్డు పట్టి, కొన్నాళ్ళకు జిగురులాగా బిగుసుకుపోవడం మీరు చూసే ఉంటారు. అదీ ఇటువంటి సంగతే. అయితే అన్ని నూనెలూ ఈ పనికి రావు. వేరుశనగనూనెతో రంగు కలిపారంటే అది సరిగా ఆరదు. అవిసెనూనె ఆరి బిగుసుకుంటుంది కాబట్టే దానికి ఈ గౌరవం.

ఇక్కడే నా రెండో తప్పు. ఆ మొదటి బొమ్మలో రాళ్ళు నిగనిగలాడాలని రంగులో అవిసెనూనె బాగా పోశాను. రెండు రోజులకే, అది ఆరకుండానే, దానిమీద టర్పెంటైన్‌తో పలచన చేసిన తెలుపు పూశాను, నురుగు అని. ఏడాది తిరిగేసరికి ఆ నురుగంతా ఎండిన చెరువులా బీటలు వారింది. ఎందుకంటే పై పూత ముందే ఆరి బిగుసుకుపోయింది, కింది పూత ఇంకా మెత్తగా కదులుతూనే ఉంది. పైన ఎండి లోపల పచ్చిగా ఉన్న వడియం పగిలినట్టన్నమాట.

అందుచేత గుర్తుంచుకోవలసిన సూత్రం ఇది. కింది పూతలో నూనె తక్కువ, పైకి పోయినకొద్దీ నూనె ఎక్కువ. మొదటి పూత టర్పెంటైన్‌తో పలచగా వేయాలి. రెండోది ట్యూబులోంచి వచ్చినది వచ్చినట్టు వేయాలి. చివరి పూతకు కావలిస్తే రెండు చుక్కల అవిసెనూనె కలపవచ్చు. మొదటి పూతకు బర్ంట్ అంబర్ వాడండి. ఆ మట్టిలో మాంగనీసు ఉంటుంది, అది రంగును త్వరగా ఆరనిస్తుంది. తెలుపు ఆలస్యంగా ఆరుతుంది. వర్షాకాలంలో అన్నీ ఆలస్యమే.

బొమ్మ క్రమం ఇలా సాగాలి. ముందు ఆకాశమూ నీరూ కలిసే గీత గీసుకోండి. అది అట్టకు సరిగ్గా మధ్యలో ఉండకూడదు. రాళ్ళు ముఖ్యమైతే గీత పైకి, ఆకాశం ముఖ్యమైతే కిందికి. ఆ గీత స్కేలు పెట్టి గీసినట్టు సమంగా ఉండాలి. వెంట్రుకవాసి వంగినా సముద్రమంతా ఒకవైపుకు ఒలికిపోతున్నట్టు ఉంటుంది. తరవాత రాళ్ళ పెద్ద ఆకారాలు నాలుగైదు గీతల్లో. పగుళ్ళూ గుంటలూ ఇప్పుడే వద్దు. ఆపైన అంబరూ టర్పెంటైనూ కలిపి నీడ భాగాలన్నీ పలచగా పూసేసి, రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఈ దశలో అట్టను గదికి ఆ చివర పెట్టి ఈ చివరనుంచి చూడండి. ఇక్కడినుంచి రాళ్ళు రాళ్ళలా కనిపిస్తే మీ బొమ్మ సగం అయినట్టే. కనిపించకపోతే ఎన్ని రంగులు పూసినా ప్రయోజనం లేదు, ఇక్కడే దిద్దుకోవాలి.

తరవాత రంగులు దూరంనుంచి దగ్గరకు వేసుకురావాలి. మొదట ఆకాశం, తరవాత దూరపు కొండ, ఆపైన సముద్రం, పిమ్మట దగ్గరి రాళ్ళు, అన్నిటికన్నా చివర నురుగు. దూరపు కొండలో ఎరుపూ పచ్చా తగ్గించి, తెలుపూ నీలమూ కలపండి. మధ్యనున్న గాలీ తేమా దూరపు రంగులను మింగేస్తాయి. దూరపు కొండకూ దగ్గరి రాయికీ ఒకే రంగు వేస్తే కొండ వచ్చి రాయి పక్కన కూర్చుంటుంది.

రాయి నలుపు కాదు

మా తీరంలో ఎక్కువగా కనిపించే రాయిని ఖొండలైటు అంటారు. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. దీంట్లో ఇనుమూ, గార్నెట్ అనే ఎర్రటి గింజలూ ఉంటాయి. నవరత్నాల్లో గోమేదికం ఈ గార్నెట్ జాతిదే. గాలికీ వానకూ రాయి శిథిలమై, ఇనుము తుప్పుపట్టి, పైన ఎరుపుగోధుమ రంగు తేలుతుంది. ఆ గింజలే అరిగి అరిగి ఇసుకలో కలుస్తాయి. మన బీచిలో ఇసుకమీద అక్కడక్కడ ఎర్రటి జీర, నల్లటి జీర కనిపిస్తాయి చూశారూ, ఎరుపు గార్నెట్, నలుపు ఎక్కువగా ఇల్మెనైటు. ఈ సంగతి తెలిశాక నాకు రంగు కలపడం తేలికైంది. రాయికి కలిపిన రంగులోంచే కొంచెం తీసి, తెలుపూ పచ్చమట్టీ చేర్చి ఇసుకకు వాడతాను. రాయీ ఇసుకా ఒక తల్లి బిడ్డల్లాగా కలిసిపోతాయి.

ఏ రాయికైనా మూడు ముఖాలు చూడండి. ఆకాశం వైపు ఉన్న ముఖం, ఎండ పడే ముఖం, నీడలో ఉన్న ముఖం. ఎండ ముఖానికి సియెన్నా, పచ్చమట్టి, తెలుపు. పైముఖం మీద ఆకాశపు నీలం కొంచెం పడుతుంది. నీడ ముఖానికి అల్ట్రామెరీనూ సియెన్నా, రవ్వంత క్రిమ్సన్. నీడలో కూడా కిందిభాగానికి ఇసుకనుంచి వెచ్చటి వెలుగు తిరిగి కొడుతుంది, అది మరవకండి. ఎక్కడా మూడు రంగులకు మించి కలపవద్దు. కలిపితే బురదే.

రాయి గరుకుగా కనిపించాలంటే కత్తితో పూయండి. ఖొండలైటులో చారలు ఒక వాలులో ఉంటాయి. కత్తిని ఆ వాలునే లాగాలి, అడ్డంగా లాగితే రాయి ఇటుకబెడ్డ అవుతుంది. ఇక అన్నిటికన్నా ముఖ్యం తడిగీత. కెరటం అందిన మేరకు రాయి ముదురు రంగులో, నిగనిగలాడుతూ ఉంటుంది. దానిపైన పొడిరాయి పాలిపోయి ఉంటుంది. ఈ రెంటికీ తేడా చూపించారంటే, బొమ్మలో కెరటం లేకపోయినా ఇప్పుడే వచ్చి పోయిందని చూసేవారికి తెలుస్తుంది.

నీరు నీలం కాదు, నురుగు తెలుపు కాదు

సముద్రంలో కనీసం మూడు పట్టీలు చూడండి. ఒడ్డున ఇసుక కలిసిన టీరంగు, మధ్యలో ఆకుపచ్చ, దూరాన ముదురు నీలమో బూడిదరంగో. ఆకాశం మబ్బుగా ఉంటే నీలం ఉండనే ఉండదు. నీరు చాలావరకు ఆకాశానికి అద్దమే కదా.

కెరటం లోతు తక్కువైన చోటికి వచ్చేసరికి దాని కిందిభాగం నేల తగిలి నెమ్మదిస్తుంది. పైభాగం అదే వేగంతో వచ్చి ముందుకు తూలుతుంది. అలా తూలే క్షణంలో శిఖరం దగ్గర నీటిగోడ పలచగా ఉంటుంది. అవతలనుంచి ఎండ దూరి అక్కడ గాజులాంటి పచ్చదనం మెరుస్తుంది. పొద్దున్నపూట మనం సూర్యుడికి ఎదురుగా చూస్తాం కాబట్టి మన తీరంలో ఇది బాగా కనిపిస్తుంది. విరిడియనూ పచ్చమట్టీ తెలుపూ కలిపి శిఖరం కింద సన్నగా వేయండి, పాదం దగ్గరకు వచ్చేసరికి ముదరనివ్వండి. ఒక బొమ్మకు అలాంటి కెరటం ఒక్కటి చాలు. నాలుగు వేస్తే నాలుగూ చచ్చిపోతాయి.

నురుగుకు నీడవైపు నీలమూ రవ్వంత క్రిమ్సనూ కలిసిన బూడిదరంగు, వెలుగువైపు మజ్జిగ తెలుపు. ట్యూబులోని తెలుపు తెలుపుగా వాడవలసిన చోటు బొమ్మ మొత్తంమీద ఒకటో రెండో ఉంటుంది, ఎండ సూటిగా తగిలే చోట. ముగ్గులో చుక్కలాగా అది చివరికి పెట్టాలి. మొదటే తెల్లగా పూసేస్తే చివరికి మెరిపించడానికి ఏమీ మిగలదు.

వంటింటికి దూరంగా

ఇప్పుడు చెప్పేది మాత్రం చేతిలో పని ఆపి వినండి. అవిసెనూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి ఒకచోట పడేయకూడదు. నూనె గాలిని పీల్చి బిగిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలిలో పోతుంది. ఉండచుట్టి ఉంటే లోపలే పెరిగి, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోవచ్చు. నాకు తెలియక ఒకసారి గుడ్డలన్నీ పెరటి వరండాలో పాత డబ్బాలో కుక్కాను. సాయంత్రం ఇంకో గుడ్డ వేయబోయి చెయ్యి పెడితే, అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా తగిలింది. డబ్బా పక్కనే కిరసనాయిలు సీసా, ఆ పక్కన మా చిన్నవాడి ఉయ్యాల. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పటినుంచీ గుడ్డలను పెరట్లో విడివిడిగా పరిచి పూర్తిగా ఆరేదాకా ఉంచుతాను. వీలుకాకపోతే నీళ్ళు నింపిన మూతడబ్బాలో ముంచి ఉంచుతాను.

టర్పెంటైన్ మంట తగిలితే అంటుకునే సరుకు. పొయ్యి వెలుగుతున్న గదిలో మూత తీయవద్దు. దాని వాసన పీల్చకుండా కిటికీలు తెరిచి ఉంచండి. దాన్ని తాగే సీసాల్లో, గ్లాసుల్లో పోసి ఉంచవద్దు, పిల్లలకు నీళ్ళకూ దానికీ తేడా తెలియదు. కుంచె కొన నోట్లో పెట్టి సరిచేసే అలవాటు ఉంటే మానుకోండి. సీసంతో చేసిన తెలుపు విషం, దాని జోలికి పోవద్దు. రంగు పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కుని తరవాతే పిండి కలపండి.

పూర్తయిన బొమ్మను దుమ్ము పడనిచోట నిలబెట్టండి. చేతికి అంటకుండా ఆరడానికి కొన్ని రోజులనుంచి రెండు మూడు వారాలు, దట్టంగా పూసినచోట ఇంకా ఎక్కువ పడుతుంది. వార్నిషుకు ఆరునెలలైనా ఆగాలి. సముద్రపు ఊళ్ళలో గోడలకు చెమ్మ ఎక్కువ కాబట్టి బొమ్మ వీపుకూ గోడకూ మధ్య కాస్త సందు ఉండేలా తగిలించండి, లేకపోతే బూజు పడుతుంది.

చివరగా మా అమ్మ సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. రెండో బొమ్మకు ఏడాదిన్నర పట్టింది. పండగలూ, పిల్లల పరీక్షలూ, మా అత్తగారి వైద్యమూ, వీటి మధ్య ఎప్పుడు గంట దొరికితే అప్పుడు. మధ్యలో రెండుసార్లు కత్తితో గీకేసి మళ్ళీ వేశాను. అందులో సూర్యుడు లేడు, పడవ లేదు, కొబ్బరిచెట్టు లేదు. చలికాలపు పొద్దున్న నీడలో ఉన్న కొండ, ముందు నాలుగు రాళ్ళు, వాటిమీదనుంచి ఇప్పుడే వెనక్కి పోయిన నీళ్ళు. అంతే. వేసవి సెలవుల్లో పట్టుకెళ్ళి మంచం ఎదుట పెట్టాను. అమ్మ ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక చెయ్యి చాచి ఆ రాయిమీద వేలు పెట్టి చటుక్కున తీసేసింది.

"రంగు ఆరిపోయిందిలే అమ్మా, అంటదు" అన్నాను.

"రంగు గాదమ్మా. రాయి తడిగుంది" అంది.

మీ ఊళ్ళో సముద్రం లేకపోవచ్చు. ఏటిగట్టు బండ ఉంటుంది, గుడి వెనక గుట్ట ఉంటుంది, పెరట్లో చాకిరేవు రాయైనా ఉంటుంది. దానిమీద ఒక చెంబెడు నీళ్ళు పోసి, ఎండలో ఎలా ఆరుతుందో, ఏ రంగు ఎక్కడినుంచి ఎక్కడికి మారుతుందో పది నిమిషాలు చూడండి. పెన్సిలు తీసుకుని రాసుకోండి. రంగులు వచ్చే నెల కొనుక్కోవచ్చు.